ఆవకాయలో కాయ

షెడ్డులోకి ఎవరో వచ్చిన అలికిడి పూజితకు వినిపించనే లేదు.

తలెత్తేసరికి మామిడి ట్రేల పక్కన నిలబడి ఉన్నాడు. ముక్కు కింద నుంచి మెడ దాకా తువ్వాలు చుట్టుకున్న ముసలాయన.

"ఎవరండీ?"

"ఆకు చూసిపోదామని వచ్చానమ్మా."

మాట స్పష్టంగానే ఉంది. నోటి మీది తువ్వాలు మాత్రం కదల్లేదు.

నూజివీడులో మామిడి సీజన్ అయిపోవచ్చింది. షెడ్డు ఖాళీగా పడుండడమెందుకని పూజిత భర్త ఉదయ్ ఈ ఏడాది పొగాకు వ్యాపారం నెత్తికెత్తుకున్నాడు. రసాలు అమ్మి పేరు తెచ్చుకున్న ఇంట్లో ఇదేం బుద్ధో! పెళ్లాం చెబితే వినే రకమైతే కదా. నమలడానికి పనికొచ్చే ఆకుకు బెల్లం పాకం పట్టించి, లవంగం పొడి చల్లి, ప్యాకెట్లకెత్తి విదేశానికి పంపుతున్నాడు. మొదటి లారీ గేటు దగ్గర సిద్ధంగా ఉంది.

తేలనిది ఒక్కటే. కస్టమ్స్ వాళ్లకి దీన్ని ఏమని చెప్పాలి?

ముడి ఆకు అంటే ఏ గొడవా లేదు. తయారైన నమలే పొగాకు అంటే మాత్రం ప్రతి ప్యాకెట్ మీదా నోటి క్యాన్సర్ బొమ్మ అంటించాలి. స్టిక్కర్ల కట్ట వచ్చి ఓ మూలన పడుంది. పైకాగితం కూడా విప్పలేదు. కంపెనీ పూజిత పేరు మీద ఉంది కాబట్టి ఆ మాట చెప్పాల్సింది ఆమే.

"ఆకు అనే రాయించు," అంటూ ఉదయ్ లోపలికొచ్చాడు. బుగ్గన అదే ఆకు. "ఊరంతా ఆకనే అంటారు. మనం కొత్తగా నామకరణం చేయాలా?"

"పాకం పట్టాక అది ఆకు ఎలా అవుద్ది బాబూ?" అన్నాడు ముసలాయన. "ముక్కలకి ఉప్పూ కారం ఆవపిండీ పట్టించాక కాయ అంటామా?"

ఉదయ్ నవ్వాడు. "ఆవకాయలో కాయ ఉందిగా పెద్దాయనా."

"పేరులో ఉంది. నోట్లో పెట్టుకుంటే తెలుస్తుంది, కాయో కాదో."

పూజితకు ఆ మాట చురుక్కుమంది. ఆవకాయంటే పడిచచ్చే ఉదయ్, నోరు మండుతోందని ఈ మధ్య పెరుగన్నంతో సరిపెట్టుకుంటున్నాడు. ఆసుపత్రికి పోదామంటే పన్నునొప్పి అని దాటేస్తాడు. ఇంకేదైనా పెద్ద జబ్బేమోనన్న భయం ఆమెను లోపల్లోపలే తినేస్తోంది.

"ఎండన పడి వచ్చారు, తినండి," అని ఓ చిన్నరసం చేతిలో పెట్టింది.

ఆయన జుర్రలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు వాసన పీల్చాడు. మళ్లీ ఆమె చేతికే ఇచ్చేశాడు.

తర్వాత వెళ్లి ఉదయ్ ఎదురుగా నిలబడ్డాడు.

"ఏదీ, నోరు తెరువు బాబూ. మూడు వేళ్లు పడతాయేమో చూద్దాం, పట్టకపోతే లోపల జబ్బు మొదలైనట్టే."

ఉదయ్ మొహం మాడిపోయింది.

"ఎవరయ్యా నువ్వు? డాక్టరువా, కస్టమ్స్ వాడివా? ముందు బయటికి నడు."

పూజిత అడ్డుపడాలనుకుంది. అప్పటికే ఉదయ్ గేటు వైపు వేలు చూపించాడు.

ముసలాయనకు కోపం రాలేదు. ఆమెకేసి చూసి, "బొమ్మ అంటించమ్మా. అది ఊరికే తీసిన బొమ్మ కాదు," అని వెళ్లిపోయాడు.

ఆమె చేతిలో పండు అలాగే ఉంది. ఎందుకో ముక్కు దగ్గర పెట్టుకుంది. ట్రేలో పళ్లన్నీ ఘుమఘుమలాడుతున్నాయి. ఆ పండుకి మాత్రం వాసన లేదు.

అంతలో ఫోన్ మోగింది. విశాఖలో కస్టమ్స్ పనులు చూసిపెట్టే ఏజెంటు కిరణ్ కుమార్.

"ఏ హెడ్డింగు కింద వేయమంటారు మేడం, ఆకా, నమలే పొగాకా?"

ఉదయ్ ఆమె మొహంలోకే చూస్తున్నాడు.

"ఆకు," అంది పూజిత.

లారీ కదిలింది.

ఇక స్టిక్కర్లతో పనేముంది, వెనక్కి పంపేద్దామని కట్ట ఎత్తింది. పైకాగితం చిరిగి బొమ్మ బయటపడింది. కింది దవడ ఉండాల్సిన చోట దవడ లేదు. చూడలేక దాని మీద అరచేయి అడ్డం పెట్టింది.

చేతి పైన కళ్లు మాత్రం మిగిలాయి.

ఇందాక తనకేసి చూసిన కళ్లు అవే.

"ఏవండీ, ఒకసారి ఇటు రండి."

ఉదయ్ చూశాడు. బయటికెళ్లి, బుగ్గలోది ఉమ్మేసి, నోరు కడుక్కుని వచ్చాడు. ఆమె ముందే నిలబడి నోరు తెరిచి వేళ్లు పెట్టుకున్నాడు. మూడో వేలు పట్టలేదు.

"పూజితా," అన్నాడు.

ఆమె రోడ్డు మీదికి పరుగెత్తింది. ఇటు మైలవరం వైపు గానీ, అటు చాట్రాయి వైపు గానీ ముసలాయన జాడ లేదు. అక్కడే నిలబడి ఫోన్ చేసింది.

"కిరణ్ గారూ, లారీని వెనక్కి పిలిపిస్తున్నాం. నమలే పొగాకు అనే రాయండి. బొమ్మలు అంటించే పంపుతాం."

"మంచి పని చేశారండీ."

"ఆ బొమ్మలో ఉన్నాయన ఎవరో తెలుసా మీకు?"

"స్టిక్కర్లు వేయించింది నేనే కదా, బొమ్మ ఇచ్చిన ఆసుపత్రి వాళ్లు చెప్పారండీ. చాట్రాయి దగ్గర ఏదో పల్లె, పేరు ఆరోగ్యం. నా మొహం చూసైనా ఒక్కడు మానేస్తే చాలని, డాక్టర్లని బతిమాలి మరీ ఫొటో తీయించుకున్నాడంట."

పూజిత కళ్లు తుడుచుకుంది.

"ఇందాక మా షెడ్డుకే వచ్చారండీ. బయటికి పొమ్మన్నాం. ఏ పల్లో కనుక్కుని చెప్పండి. మా వారిని తీసుకుని ఇప్పుడే వెళ్లి ఆయన కాళ్ల మీద పడతాను."

"ఆ ఫొటో తీసిన వారానికే ఆయన పోయారు మేడం."