కడగని రీలు

"ఏదీ, నా గుంట ఫోటో ఏదీ?" గుమ్మంలోనే చెయ్యి చాపేసింది యర్రమ్మ.

ధనుంజయ్ చేతిలోని పని పక్కన పెట్టి లేచాడు. పొద్దుట్నించీ కూడగట్టుకున్న మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి.

"కూర్చోండమ్మా. టీ చెప్పమంటారా?"

"టీకేటి తొందర? బొర్రా నుంచి పొద్దున్న రైలుకే వచ్చీసినాను. ముందు నా చిన్నమ్మిని సూపించు."

అరకు స్టేషను రోడ్డులో ధనుంజయ్‌ది అగ్గిపెట్టెంత కొట్టు. మూలపడ్డ రీలు కెమెరాలు కొని, బాగుచేసి, వాటిమీద మోజుపడే విశాఖ కుర్రాళ్ళకి అమ్ముతాడు. పది రోజుల కిందట యర్రమ్మ కొంగులో చుట్టి ఒక కెమెరా పట్టుకొచ్చింది. గుహల దగ్గర టూరిస్టులకి ఫోటోలు తీసి బతికిన ఆమె మొగుడు సోంబరుది. అతను మొన్న వానాకాలంలో పోయాడు. "డబ్బులొద్దు, కెమెరా నువ్వే ఉంచుకో. లోపలున్న రీలు కడిగి మా గుంట ఫోటో ఒక్కటి ఇయ్యి" అంది. అదీ బేరం.

లోకంలో ఉన్న మొహాలన్నీ తీసిన మనిషి, సొంత కూతుర్ని మాత్రం "ఇంట్లో గుంటే కదా, ఎప్పుడైనా తియ్యొచ్చులే" అంటూ ఆరేళ్ళు గడిపేశాడట. ఇరవయ్యేళ్ళ కింద, ఊరి మగాళ్ళంతా అడవికి వేటకెళ్ళే ఇటుకల పండగనాడు కొత్త గౌను తొడిగి ఒక్కటంటే ఒక్కటి తీశాడు. వారం తిరక్కుండా జ్వరం పిల్లని పట్టుకుపోయింది. ఆ రీలు కడిగించడానికి తండ్రికి బతికినన్నాళ్ళూ మనసొప్పలేదు. కెమెరాని రీలుతో సహా అలాగే దాచేసి, పనికి వేరేది కొనుక్కున్నాడు. పిల్లకి ఇంకో ఫోటో లేదు.

"సెప్పవేటి? ఇంకా ఆరలేదా?"

వెనక గదిలో తీగకి వేలాడుతున్న రీలు ఈ చివర్నించి ఆ చివరిదాకా బొగ్గులా నల్లగా ఉంది. ఒక్క గడిలోనూ బొమ్మ లేదు. కడగని రీలుకి వెలుగే యముడు. రవ్వంత తగిలినా బొమ్మ మసైపోతుంది. అందుకే నల్లసంచిలో చేతులు దూర్చి, గుడ్డివాడిలా తడుముకుంటూ కెమెరా విప్పుతాడు. ఆ సంచికి చేతుల దగ్గర రబ్బరు వదులైంది. మార్చాలి, మార్చాలి అనుకుంటూనే బద్ధకించాడు. ఆ సందులోంచే వెలుగు దూరి ఉంటుంది. ఛీ, నీ బద్ధకం తగలెయ్య, తల్లి ఉసురు పోసుకున్నావు కదరా అని నిన్నట్నించీ తనని తాను తిట్టుకుంటూనే ఉన్నాడు. ఆ కాస్త సందుకి రీలు మొత్తం ఎలా మాడిందో మాత్రం అంతుపట్టలేదు. ఇరవయ్యేళ్ళు మూలపడున్న కెమెరాకి ఒక్క బూజుపోగు కూడా లేకపోవడం ఇంకో వింత.

"అమ్మా, మీ ఫోటో రాలేదు."

"రాలేదంటే? రేపొస్తాదా?"

"రాదమ్మా. ఇంకెప్పటికీ రాదు. నా చేతుల్లో పాడైపోయింది."

యర్రమ్మ అతని మొహంలోకి చూసి నవ్వబోయింది. "ఎకసెక్కాలాడతన్నావు కదా బాబూ?"

ధనుంజయ్ తల దించుకున్నాడు.

అంతే, కొట్టు మధ్యలో కూలబడి గుండెలు బాదుకుంది. "నా తల్లీ! నా చిన్నమ్మీ!" రోడ్డు మీద జీపు కోసం నిలబడ్డవాళ్ళు తొంగిచూశారు. ఒక్క ఉదుటున లేచి అతని చొక్కా పట్టుకుంది.

"ఒకపాలి సచ్చింది సాలదా? మల్లీ సంపీసినావేట్రా! ఏటి సేసినావు దాన్ని?"

"వెలు..." అని ఏదో చెప్పబోయాడు. ఆమె వింటేనా! చొక్కా వదిలేసి మళ్ళీ నేలమీదే కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. అతనికీ ఏడుపు ఆగలేదు. గ్లాసుతో మంచినీళ్ళిస్తే ముట్టలేదు.

ఏం చెయ్యాలో తోచక కెమెరా తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు. "ఇది మీరే తీసుకెళ్ళండమ్మా. బాగుచేశాను. నన్ను ఎన్ని తిట్టినా పడతాను."

యర్రమ్మ కొంగుతో కెమెరా తుడిచింది. కళ్ళు ఎటో చూస్తున్నాయి, బొటనవేలు మాత్రం వెనక గొళ్ళెం దగ్గరికి తిన్నగా వెళ్ళింది. టక్కున మూత తెరుచుకుంది. లోపల ఖాళీ.

"మా ఆయన దీని జోలికి రానిచ్చేవోడు కాదు" అంది, గొంతు దిగిపోయి. "మూత ముడితే సేతులిరగ్గొడతాననేవోడు. ఎందుకో సెప్పేవోడు కాదు. నేనుండలేకపోయేదాన్ని బాబూ. ఏటా ఇటుకల పండక్కి ఆయన ఊరోల్లతో ఏటకెల్లగానే దొంగసాటుగా మూత తీసీదాన్ని. రీలు మొత్తం బయటికి లాగి, మంచి ఎండలోకి అట్టుకెల్లి, ఈ సివర్నించి ఆ సివరిదాకా ఎతుక్కునేదాన్ని, నా గుంట ఎక్కడుందో అని. ఒక్కపాలైనా అవుపడలేదు. కడిగితేనే వస్తాది కావాల అనుకుని, ఒక్క గీతైనా పడకుండా ఎలాగున్నది అలాగ సుట్టి పెట్టీసీదాన్ని. ఇరవయ్యేళ్ళు కాసుకున్నాను. ఒక్క పూటలో ఏటి సేసీసినావు నువ్వు? ఆ ఒక్క మాట సెప్పు, ఎల్లిపోతాను."

ధనుంజయ్ ఆమెనీ, తెరిచున్న మూతనీ చూశాడు. నాలిక చివర ఉన్న మాటని మింగేశాడు.

"కడిగే మందు ఎక్కువేసేశానమ్మా. తప్పు నాదే" అన్నాడు.