నిండుకున్న మందు

కాకినాడలోని ఆ అపార్ట్‌మెంటుకి సొంత క్లౌడు ఉంది. ఏ ఇంటి యంత్రం ఎవరితో మాట్లాడాలన్నా దారి వేసేదీ, పనయ్యాక ఆ దారి తీసేసేదీ అందులోని సాఫ్ట్‌వేరే. తీగల్లేవు, పెట్టెల్లేవు, నోటితో చెబితే చాలు. అందరూ దాన్ని ముద్దుగా దారులమ్మ అంటారు.

ఆ సాయంత్రం హైమవతి ఆఫీసు నుంచి వచ్చేసరికి అత్తగారు మాణిక్యాంబ మంచం మీద సోలిపోయి ఉంది. నడుముకున్న ఇన్సులిన్ పంపు ఖాళీ. అది ఖాళీ అవుతుండగానే మందుల షాపుకి కబురు వెళ్ళాలి. వెళ్ళలేదు.

"దారులమ్మా, షాపు దారి ఏమైంది?"

"తీసేసి పై వాటాలో పెళ్ళి ప్రసారానికి ఇచ్చానండీ. మందు నిండుకుందని పొద్దున పెద్దమ్మగారే చెప్పారు."

జరిగిందేమిటో హైమవతికి అర్థమైంది. ఇంట్లో బియ్యమైనా ఉప్పైనా అయిపోయిందనడానికి నోరు రాక, నిండుకుందనే మనిషి అత్తగారు. మందుకీ ఆ మాటే వాడింది.

"నీ తెలివి తగలెయ్య! నిండుకోవడమంటే అయిపోవడమే! ముందు దారి వెయ్యి!"

పైన పెళ్ళి ప్రసారం టక్కున ఆగింది. మందు మోసుకుంటూ డ్రోను వచ్చి బాల్కనీలో వాలింది. హైమవతి గబగబా పంపు నింపింది.

భోజనాల వేళకి మాణిక్యాంబ కళ్ళు తెరిచింది. "పైన సన్నాయి ఆపేశారేమే?" అంది. హైమవతి ఏడుస్తూనే నవ్వేసింది.

మర్నాడు పొద్దున్నే దారులమ్మ తనంతట తానే పలికింది.

"పెద్దమ్మగారి మందు నిండుగా ఉందండీ. నిండుకోలేదు."

"ఇప్పుడు మా ఇంటి పిల్లవనిపించుకున్నావే!" అంది మాణిక్యాంబ.