హెల్మెట్ ఉండి ఉంటే

ఆ రోజు ఆ ఇంట్లో నలుగురున్నారు.

మంచం మీద తలకు కట్టుతో కనకరాజు. స్టవ్ దగ్గర అతని భార్య వెంకటనర్సమ్మ. గోడకు ఆనుకుని, బీడీ కట్ట కోసం జేబులు తడుముకుంటున్న ఆమె తండ్రి రాజయ్య. నాలుగో మనిషి ఆ ఇంటి మనిషి కాదు. గడప పక్కన చాప చివర కూర్చుంది. ఒళ్లో నోటుపుస్తకం, దాని మీద ఒక హెల్మెట్. పేరు మానస. మొన్న జూన్ దాకా పల్లెలో చదివిన పిల్ల. ఇప్పుడు సైనిక్‌పురిలో మేనమామ ఇంట్లో ఉండి ఇంటర్ చదువుతోంది.

“కాలేజీల డిబేట్ పెట్టిన్రు కాకా,” అంది తల ఎత్తకుండా. “సైకిల్ తొక్కెటోళ్లు హెల్మెట్ పెట్టుకోవాల్నా వద్దా అని. దెబ్బలు తాకినోళ్లను అడిగి రాసుకుందామని వచ్చిన.”

“మా ఇల్లు ఎట్ల దొరికింది బిడ్డా?” అడిగింది వెంకటనర్సమ్మ.

“అడుక్కుంట వచ్చిన.”

నాచారం గల్లీల్లో మూడు రోజులు తిరిగానని మాత్రం చెప్పలేదు.

రాజయ్య హెల్మెట్ అందుకుని అటూ ఇటూ తిప్పాడు. “గిదేంది పిల్లా, అన్నీ బొక్కలే! ఇడ్లీ పాత్రనా?” అని నెత్తిన పెట్టుకున్నాడు. “గాలి మస్తు ఒస్తది. వాన పడ్తే నీళ్లు గూడ ఒస్తయ్.”

“మా బావ ధీరజ్‌ది తాతా. ఆదివారం పొద్దున సైకిల్ తొక్కుతడు.”

“ఆదివారమెందుకు? గా రోజు డ్యూటీ ఉండదు గద!”

కనకరాజు నవ్వబోయి తల పట్టుకున్నాడు. నవ్వితే కుట్లు లాగుతాయట.

మానస నవ్వలేదు. పుస్తకంలో ‘అవును’, ‘కాదు’ అని రెండు గడులు గీసి తెచ్చింది. ఆమెకు కావలసింది ‘అవును’. అదీ ఈ మనిషి నోటినుంచే కావాలి. అన్నం దగ్గర కూర్చున్న ప్రతిసారీ మురళీధర్ మామయ్య అదే చెబుతున్నాడు. “తల మీద ఏమీ లేకుండా రోడ్డెక్కడం వాళ్ల తప్పు. నువ్వు ఆ మాటే పట్టుకో. వేరే ఏం మాట్లాడకు.” మామయ్య చెప్పినంత మాత్రాన ఆమెకు ధైర్యం రాలేదు. ఈయన కూడా అంటే వస్తుంది.

“నలభై ఏండ్లు తొక్కిన,” అన్నాడు రాజయ్య. “నెత్తి మీద తువ్వాల తప్ప ఏం లేదు. ఏమైంది నాకు?”

“నీ కాలంల గిన్ని కార్లున్నయా నాయినా?”

“నేనూ గదే అంటున్న. కార్లు పెరిగితే టోపీ నేనెందుకు పెట్టుకోవాలె? గుద్దేది వాడు, తొడుక్కునేది నేనా?”

వెంకటనర్సమ్మ చాయ్ గ్లాసు మానస ముందు ఠక్కున పెట్టింది. “సూడనీకి వచ్చినోళ్లంత ఒకటే మాట బిడ్డా. హెల్మెట్ ఉంటే గిట్ల గాకపోవు అని. ఇనీ ఇనీ చెవులు నొస్తున్నయ్. తప్పంత ఈయనదే అన్నట్టు!”

మానస పెన్ను పట్టుకుంది. “ఎట్ల పడ్డరు కాకా?”

“ఉప్పల్ కాడ మెట్రో పనికి రేకులు కట్టిన్రు సూడు, ఆడ కారొకటి ఆగి ఉంది. దాని పక్కపొంటి పోతున్న. టక్కున డోరు తీసిన్రు. గంతే. మనిషిని గూడ సూడలే. కండ్లు తెరిస్తే దవాఖానా.”

“కారు ఆగలేదట,” అంది వెంకటనర్సమ్మ. “అటే పోయిందట.”

గూట్లో సొట్ట పడిన టిఫిన్ డబ్బా ఉంది. మానస దాన్ని చూసి చూపు దించుకుంది. దించితే కనకరాజు కుడి చెయ్యి కనిపించింది. దుప్పటి మీద ఊరికే ఉన్నా వణుకుతోంది.

“ప్లాస్టిక్ బకెట్లు పోసే మిషన్ మీద పని నాది,” అన్నాడతను, ఆమె చూపు గమనించి. “ఒకటో తారీఖు దాంక చెయ్యి నిలబడకుంటే వేరేటోన్ని పెట్టుకుంటమన్నరు.”

మానస పెన్ను మూత పెట్టి మళ్లీ తీసింది.

“హెల్మెట్ ఉండి ఉంటే... గింత గాకపోవు గద కాకా?”

స్టవ్ చప్పుడులో ఎవరికీ వినబడలేదు. మళ్లీ అడిగింది.

రాజయ్య ఏదో అనబోయాడు. కనకరాజు ఎడమ చేత్తో ఆపాడు. ఆ పిల్ల ముఖంలోకి చాలాసేపు చూశాడు.

“గంత ఫికరెందుకు బిడ్డా? పోటీనే గద. అవునని రాస్కో. హెల్మెట్ ఉంటే తల పగలకపోవు. ఉన్న మాటే గది.”

మానస ‘అవును’ గడిలో టిక్కు పెట్టింది. గీత వంకర పోయింది. ఇక లేచి వెళ్లిపోవచ్చు. లేవలేదు. చాయ్ తాగింది. చల్లారిపోయిందని కూడా తెలియలేదు.

రాజయ్య హెల్మెట్ తీసి ఆమె చేతికిచ్చాడు. “మీ బావకు చెప్పు, ఆదివారం నా సైకిల్ గూడ తొక్కమను. తుప్పు పడ్తున్నది.”

వెంకటనర్సమ్మ నవ్వుతూ గడప దాకా వచ్చింది. “రోడ్డు సూసుకొని దాటు బిడ్డా. ఫస్టు వస్తే వచ్చి చెప్పాలె మల్ల.”

మానస మెట్టు దిగింది. చెప్పులేసుకుంది. నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చింది. ఒక చేతిలో హెల్మెట్, రెండో చెయ్యి ద్వారబంధం మీద పెట్టింది.

“ఆ కారు డోరు తీసింది నేనే చిన్నమ్మా, ఎనకకు సూడలే,” అని ఆ పిల్ల అన్నాక వెంకటనర్సమ్మ ద్వారబంధం మీదున్న ఆ వేళ్లను ఒకసారి చూసి, అవి నలగకుండా మెల్లగా పక్కకు తీసి, తలుపు వేసేసింది.