చివరి వరసలో కూర్చున్నాను

కాలేజీ హాలు ముందు తలుపు వేసి ఉంది. అతను చెవి ఆనించి విన్నాడు. లోపల చడీచప్పుడు లేదు.

"అయిపోయింది," అనుకున్నాడు.

పెళ్ళయ్యాక భార్య నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక ఇది. రంగస్థల కళ మొదటి ఏడాది పరీక్షకి ఆమె ఒక చిన్న నాటకం వెయ్యాలి. కథేమిటో చెప్పలేదు. "ముందే చెప్తే ఏం బావుంటుంది? వచ్చి చూడండి. మా మాస్టారు మొదటి క్లాసులోనే చెప్పారు, సినిమా అయితే రేపైనా చూడొచ్చు, నాటకం ఇవాళ పోతే పోయినట్టే," అంది. అతను తలూపాడు. తలూపినవాడు ఆఫీసులో క్యారమ్ బోర్డు ముందు కూర్చుని "ఇంకొక్క ఆట" అంటూ ఉండిపోయాడు.

వెనక తలుపు తోసుకుని, చీకట్లో తెర తాళ్ళు తట్టుకుంటూ, వెలుతురున్న వైపు నడిచాడు. వేదిక మీద ఆమె ఒక్కతే కుర్చీలో కూర్చుని ఉంది. ముందు బల్ల, బల్ల మీద మూత పెట్టిన కంచం. నెత్తిన పెద్ద పెద్ద దీపాలు. వాటి అవతల ఏముందో అతని కళ్ళకి ఆనలేదు. అంతా నలుపు. అందరూ వెళ్ళిపోయినా తన కోసం కూర్చుందన్నమాట.

ఆమె తలెత్తింది. అతన్ని చూసి, ఆ వెంటనే దీపాల అవతలి చీకటి కేసి చూసింది.

"ఇప్పుడా రావడం?"

"ఎప్పుడో వచ్చాను." అబద్ధం దానంతటదే జారింది. "చివరి వరసలో కూర్చున్నాను."

"మరి కనపడలేదే?"

ఎదుటి మనిషికి చెప్పే మాట పక్క వీధికి వినపడేలా ఎందుకంటోందో అతనికి అర్థం కాలేదు. కోపం కాబోలు.

"చీకటి కదా," అన్నాడు.

"ఎలా ఉంది?"

"అద్భుతం. నువ్వు ఏడ్చావు చూడు, అక్కడ నాకూ కళ్ళు చెమర్చాయి."

"నేను ఏడ్చానా?"

"అంటే... నువ్వు ఏడవకుండా మమ్మల్ని ఏడిపించావు."

చీకట్లో ఎక్కడో కుర్చీ కిర్రుమంది. పిల్లి అయుంటుందనుకున్నాడు. ఆమె లేచి వచ్చి, అతని భుజాలు పట్టుకుని వెలుగు కేసి తిప్పి నిలబెట్టింది. కొత్త పెళ్ళాం చేతులు తగిలేసరికి అంత భయంలోనూ హాయిగా అనిపించింది. దాంతో తప్పు చేశానన్న బాధ రెండింతలైంది.

"అయితే చివర ఏమవుతుందో చెప్పండి."

అతను చూపు తప్పించి బల్ల కేసి చూశాడు.

ఆమె కంచం మీద మూత తీసింది. "ఎంతసేపు పెట్టుకు కూర్చున్నానో చూడండి. చల్లారిపోయింది."

కంచంలో ఏమీ లేదు. ఆ ఖాళీ కంచం చూడగానే అతని పని అయిపోయింది.

"నేను రాలేదు," అన్నాడు. "చివరి వరసా లేదు, ఏమీ లేదు. క్యారమ్ ఆడుతూ కూర్చున్నాను. ఎర్ర కాయ పడేదాకా లేవకూడదనుకున్నాను. నువ్వు ఫోన్ చేస్తావేమోనని దాన్ని కూడా మూగదాన్ని చేసి జేబులో పెట్టుకున్నాను. మొదటిసారి ఒకటి అడిగావు. అది కూడా చెయ్యలేకపోయాను. పోనీ రేపు చూస్తానందామన్నా, రేపు ఉండదు కదా..."

తల దించుకున్నాడు.

ఆమె కళ్ళలో నీళ్ళు నిలిచాయి. పెదాలు మాత్రం నవ్వు ఆపుకోలేక అవస్థ పడుతున్నాయి.

అంతలో దీపాల అవతలి చీకట్లోంచి చప్పట్లు మొదలయ్యాయి. ముందు ఒక జత చేతులు, తర్వాత హాలంతా.

ఆ హోరు కాస్త తగ్గాక, చివరి వరసలోంచి మాస్టారి గొంతు వినిపించింది: "అమ్మాయ్, మొగుడి కోసం ఎదురుచూసే ఇల్లాలిది ఒక్కటే పాత్ర అన్నావు. మరి ఈ మొగుడి వేషం కట్టినతని మార్కులు ఎవరి ఖాతాలో వెయ్యను?"