మరియ ఒడి

"ఏమండీ, ఈ రాత్రి పాపకేమన్నా అయితే నేనొక్కదాన్నే ఏం చేయను?" అన్నాను.

నర్సింగ్ హోమ్‌లో నైట్ డ్యూటీకి బయల్దేరుతూ మా ఆయన గిడియన్ నవ్వారు. "కాస్త జ్వరమేగా! ఇంట్లో గోడ మీద యేసయ్య కుటుంబమే ఉంది, ఇంకా భయమేంటే?"

"ఐయామ్ గ్రాండ్, మామ్!" అని, తను బాగానే ఉన్నానంటూ మేడ మీంచి ఫెబి అరిచింది. ఏడేళ్ల మా పాప ఈ పరాయి దేశంలోనే పుట్టింది. తెలుగులో ఏదడిగినా ఇంగ్లీషులోనే చెప్తుంది.

నా భయమంతా ఆ బొమ్మ గురించే. ఎన్నిస్ ఊళ్లో ఈ ఇల్లు అద్దెకిచ్చినాయన దాన్ని గోడ మీంచి తీయొద్దని లీజులో రాయించాడు. మూడొందల ఏళ్ల నాడు కాగితం మీద సిరాతో గీసిన బొమ్మట. యోసేపు, మరియ, ఆమె ఒడిలో బాలుడు. మా సంఘంలో బొమ్మల ముందు మోకరించకూడదు. అందుకే ప్రార్థన వేళ దాని మీద చున్నీ కప్పుతాను.

ఆ రాత్రి ప్రార్థనయ్యాక చున్నీ తీయడం మరిచిపోయాను. పదకొండింటికి గుర్తొచ్చి తీశాను.

మరియ చేతులు బిడ్డని పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి. ఒడిలో మాత్రం ఎవరూ లేరు. అక్కడ కాగితం మీద ఒక్క గీత కూడా లేదు.

మెట్ల దగ్గరికి పరుగెత్తాను. "ఫెబీ! పడుకున్నావా తల్లీ?"

సాయంత్రం నుంచీ కురుస్తున్న వాన చప్పుడు ఆగిపోయింది. పైన మంచం ఒక్కసారి కిర్రుమంది.

పైనుంచి చక్కని తెలుగులో ఒక చిన్న గొంతు పలికింది.

"తను పడుకుందమ్మా. ఇప్పుడు నన్నెత్తుకో."