చెవి మెలేసినాయన

"సార్, నా జీవితం కాస్త పెంచండి."

అద్దం ముందు నిలబడి ఆ మాట పైకి అన్నాక గానీ నాలుక జారిందని పెళ్ళికొడుక్కి తెలియలేదు.

పెళ్ళై నెలలు గడిచినా ఆ అద్దాల దుకాణంలో అతన్ని అందరూ పెళ్ళికొడుకనే పిలుస్తారు. అద్దాలకు చెక్క ఫ్రేములు బిగించడం అతని పని. యజమాని గది బయట, గోడ పొడుగునా అమ్మకానికి పెట్టిన అద్దాలున్నాయి. ఎందులో చూసినా చెమటలు కక్కుతూ తనే కనిపిస్తున్నాడు.

పొద్దున ఇంట్లో సాధన చేసినప్పుడు ఆ మాట బాగానే వచ్చింది. భార్య గరిటె చేత పట్టుకుని యజమానిలా కాలు మీద కాలేసుకుని కూర్చుంది. మొదటిసారి అతను నసిగితే పని మానేసి పొమ్మంది. రెండోసారి జాలిపడి జీతం పెంచింది, పైన ముద్దు కూడా పెట్టింది.

తెర అవతల వదిన దగ్గింది.

అసలు బాధ అదే. అన్నయ్య ఇంట్లో వాళ్ళిద్దరికీ దక్కింది హాల్లో ఒక మూల, అడ్డంగా ఒక తెర. నవ్వొస్తే దిండులో మొహం దాచుకోవాలి.

పక్క వీధిలో ఒక గది ఖాళీ అయింది. కిటికీలోంచి పొద్దుటెండ నేరుగా లోపలికొస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, దానికి తలుపుంది. తలుపుకి గడియ ఉంది. చూడ్డానికి వెళ్ళినప్పుడు భార్య ఆ గడియ వేసి, తీసి, మళ్ళీ వేసి, చిన్నపిల్లలా మురిసిపోయింది. ఇవాళ సాయంత్రంలోగా ఏ సంగతీ చెప్పకపోతే ఇంకొకళ్ళకి ఇచ్చేస్తానంది ఇంటావిడ.

"జీతం అను నాయనా. జీవితం పెంచడం ఆయన చేతిలో లేదు."

పెళ్ళికొడుకు ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. యజమాని గది తలుపు పక్కన కుర్చీలో ఒక ముసలాయన ఒదిగి కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, అరిగిన చెప్పులు. అరచేతులు మాటిమాటికీ మోకాళ్ళకి తుడుచుకుంటున్నాడు.

మీరూ అడగడానికే వచ్చారా అంటే, అలాంటిదేనన్నాడు.

ఒకప్పుడు ఇక్కడ పనిచేసినవాడై ఉంటాడనుకున్నాడు పెళ్ళికొడుకు. తోడు దొరికినట్టయి, గడియ సంగతి కూడా చెప్పేశాడు. ముసలాయన నవ్వాడు.

"అడగాల్సింది ఒక్కసారే అడుగు. అడిగాక ఆయన తన కుడి చెవి పట్టుకుంటాడు. ఆ చెవి వదిలేదాకా నువ్వు నోరు విప్పకు. విప్పావో, నీ పని అయిపోయినట్టే."

లోపల బెల్లు మోగింది.

ముసలాయన గబుక్కున అతని చొక్కా చెయ్యి పట్టుకున్నాడు.

"నీ పనయ్యాక నాదొక్క మాట. చెవి మెలేసినాయన బయట కూర్చున్నాడని చెప్పు. పిలిస్తే వస్తాను. పిలవకపోతే ఇష్టం లేదనుకుని వెళ్ళిపోతాను. మళ్ళీ ఇంత దూరం రావడం నా వల్ల కాదు."

"మీరే నాతో లోపలికి రావచ్చుగా బాబాయ్."

"ఆ ధైర్యమే ఉంటే పొద్దున్నే వెళ్ళేవాణ్ణి నాయనా."

తప్పకుండా చెప్తానని మాటిచ్చి లోపలికి నడిచాడు పెళ్ళికొడుకు.

ఈసారి నాలుక జారలేదు. జీతమనే అన్నాడు. ఎంత పెంచాలో కూడా చెప్పాడు.

యజమాని చెయ్యి మెల్లగా కుడి చెవి మీదికి వెళ్ళింది.

ఫ్యాను తిరుగుతోంది. పెళ్ళికొడుకు గొంతు దాకా మాటలొచ్చాయి. పోనీ సగమైనా పెంచండి. పోనీ వచ్చే ఏడు చూద్దాం లెండి. పళ్ళు బిగబట్టాడు. కళ్ళ ముందు ఆ గడియ ఒక్కటే ఆడుతోంది.

యజమాని చెవి వదిలాడు.

"సరే. వచ్చే నెల నుంచి."

పెళ్ళికొడుకు కాళ్ళు నేల మీద ఆనలేదు. వచ్చిన దారి కూడా మరిచిపోయి, పనిశాలలోకి తెరుచుకునే పక్క తలుపులోంచి పరుగు తీశాడు. భార్యకి ఫోన్ చేశాడు. ఆమె అవునా అనలేదు, నిజమా అనలేదు. నాలుకతో టక్కుమని శబ్దం చేసింది. గడియ పడ్డ శబ్దం.

ఆ రోజంతా ఫ్రేములకి మేకులు వాటంతటవే దిగాయి.

సాయంత్రం యజమాని పనిశాలలోకి వచ్చి అతని బల్ల దగ్గర ఆగాడు.

"నేను చెవి పట్టుకోగానే ఎవరైనా కంగారుపడి వాళ్ళంతట వాళ్ళే తగ్గుతారు. నువ్వెలా ఊరుకున్నావయ్యా?"

పెళ్ళికొడుకు చేతిలో సుత్తి ఆగిపోయింది.

"బయట ఒక పెద్దాయన చెప్పారు సార్. మీతో ఒక మాట చెప్పమన్నారు కూడా. సంతోషంలో మర్చేపోయాను. చెవి మెలేసినాయన వచ్చాడని..."

యజమాని అంత వేగంగా కదలడం అతనెప్పుడూ చూడలేదు.

కుర్చీ ఖాళీగా ఉంది.

వాచ్‌మన్‌ని అడిగితే, ఆయన మధ్యాహ్నం దాకా ఆ తలుపునే చూస్తూ కూర్చున్నాడనీ, మధ్యలో లేచి అద్దంలో జుట్టు సర్దుకున్నాడనీ, చివరికి ఎవరితోనూ ఏమీ అనకుండా వెళ్ళిపోయాడనీ చెప్పాడు. ఏ ఊరో, ఎటు వెళ్ళాడో తనూ అడగలేదన్నాడు.

యజమాని ఆ కుర్చీలో కూలబడ్డాడు. గోడ పొడుగునా అద్దాలన్నిటిలో కుడి చెవి పట్టుకుని ఆయనే.

"ఒకసారి నలుగురి ముందు, ఆయనెవరో నాకు తెలియదన్నాను. ఆ రోజే వెళ్ళిపోయాడు. అప్పట్నుంచీ వెతుకుతూనే ఉన్నాను."

పెళ్ళికొడుకు కుర్చీ పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"మీ మాస్టారా సార్?"

యజమాని కోప్పడలేదు, చెవి మాత్రం వదలకుండా, "నీ జీతం పెంచింది నేను, నన్ను పెంచింది ఆయన" అన్నాడు.