అత్త చూపిన రెండు వేళ్లు

"పెట్టె యాడ సిస్టర్?"

యోగానంద, నిద్రపోతున్న భార్య మంచం కింద వెతికాడు. తలుపు వెనక వెతికాడు. పొద్దున డాక్టరమ్మ కొత్తబిడ్డ బొడ్డుతాడు నుంచి తీసిన నెత్తురు సంచీని భద్రం చేసిన తెల్ల పెట్టె ఎక్కడా లేదు. ఫారానికి జత చేయాల్సిన జిరాక్సులు తెస్తానని వెళ్లి, కరెంటు పోయి గంటన్నర ఇరుక్కుపోయాడు. అంతలోనే ఇది.

"మీ అత్త ఎత్తుకొని పోయినాది గదా," అంది నర్సు చెంగమ్మ ఉయ్యాల సర్దుతూ. "ఒక చంకన పెట్టె, ఇంకో చంకన మాయ పెట్టిన కుండ. పెద్దపాప ఎనకాలే పోయినాది. బస్సుకు టైమయిందని ఒకటే ఉరుకులు."

యోగానంద చేతిలోని జిరాక్సులు బల్ల మీద పడేశాడు.

పెద్దపాప భానుశ్రీకి ఆరేళ్లు. ఒంట్లో నెత్తురు నిలవని జబ్బు. మూడు వారాలకొకసారి వేలూరు పోయి ఎక్కించుకొని రావాలి. తమ్ముడి బొడ్డునెత్తురు కుదిరితే అందులోని కణాలు ఆ పిల్ల ఒంట్లో కొత్త నెత్తురు పుట్టించవచ్చునని అక్కడి డాక్టరు చెప్పాడు. 'కుదిరితే' అనే మాట రెండుసార్లు చెప్పాడు. రెండు గంటలకు మద్రాసు ల్యాబు మనిషి మురుగేష్ వచ్చి పెట్టె తీసుకుపోవాలి. రేపటిలోగా అది ల్యాబుకు చేరకపోతే కణాలు చచ్చిపోతాయి.

పొద్దున ఇదే పెట్టె దగ్గర అత్త మునిరత్నమ్మ పెద్ద రచ్చ చేసింది.

"బొడ్డు తాయెత్తులో పెట్టి బిడ్డ మొలకు కట్టాల. మాయను సొంత నేలలో పూడ్చాల. ఊరుగాని ఊరికి మూట గట్టి పంపేదేంది అల్లుడా? పెద్దదానికి ఆరేండ్లుగా ఊరోళ్ల నెత్తురంతా ఎక్కిస్తిరి, సాలదా?"

"బొడ్డులోనే మందుండాది అత్తా. దాంతోనే పెద్దది బాగుపడాల."

ఆ మాటకు ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని గమ్మునయిపోయింది. ఒప్పుకున్నదనుకున్నాడు. ఒప్పుకోలేదన్నమాట! మాయతో బాటు నెత్తురు కూడా పూడ్చేయడానికి పోయిందన్నమాట.

మురుగేష్‌కు రెండుసార్లు ఫోను చేశాడు. కలవలేదు. బండి తీసి బంగారుపాళ్యంలోని తమ మామిడితోట దారి పట్టాడు.

మామిడితోట గట్టు మీద భానుశ్రీ ఒంటరిగా కూర్చుని ఉంది. పాలిపోయిన ముఖం. నాయనను చూడగానే ఏడుపు అందుకుంది.

"నాయనా, అవ్వ నా తాయెత్తు తీసేసుకునింది. ఇయ్యమంటే ఇయ్యలేదు."

మొలతాడు బోసిగా ఉంది. పుట్టినప్పటి నుంచి దానికే ఉండేది ఆ వెండి తాయెత్తు. అందులో ఆ పిల్ల ఎండిన బొడ్డు. దాన్ని కూడా పూడుస్తోందా? ఎందుకు? పెట్టె సంగతి అడిగితే పిల్ల తాయెత్తు కోసమే ఏడ్చింది.

చెట్టు మొదట్లో మునిరత్నమ్మ గుంత పూడ్చి మట్టి తొక్కుతోంది. పళ్ల మధ్య తమలపాకు. మాయ పూడ్చే మనిషి ఆకు కరుచుకోవాలి, నెత్తిన నీళ్లు పోసుకునేదాకా నోరు విప్పకూడదు. విప్పితే బిడ్డ జన్మంతా ఏడుపుగొట్టు అవుతుందని ఆ ఇంటి నమ్మకం.

"పెట్టె యాడ పెట్టినావు అత్తా?"

ఆమె తూర్పు వైపు చేయి ఊపింది. అక్కడ బావి, దాని అవతల రోడ్డు.

"బాయిలో ఏసినావా?"

కాదన్నట్టు తల అడ్డంగా ఊపి, తన నడుము తట్టి చూపింది. ఆ తరువాత రెండు వేళ్లు ఎత్తింది.

"నడుములోతా? రెండడుగులా?"

ఆమె నుదురు కొట్టుకుంది. మళ్లీ రెండు వేళ్లు. ఈసారి ఒక వేలితో భానుశ్రీని చూపింది. ఇంకో వేలితో గాలిలో ఉయ్యాల ఊపింది.

"నాకేం అర్థం కాలేదు! ఒక్క మాట సెప్పు అత్తా, నీకు దండం పెడతా. నా బిడ్డ బతుకు!"

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆకును మాత్రం వదల్లేదు. మనవడి కోసం అంత పట్టుదల ఉన్న మనిషికి మనవరాలు ఏమైపోయినా పట్టదా అనిపించింది యోగానందకు. మోకాళ్ల మీద పడి రెండు చేతులా మట్టి తోడాడు. ఆమె అడ్డం పడింది. పక్కకు నెట్టాడు. పెళ్లయిన తొమ్మిదేళ్లలో ఆమె మీద చేయి వేయడం అదే మొదలు.

కుండ బయటపడింది. పసుపుగుడ్డ విప్పాడు. లోపల మాయ తప్ప ఏమీ లేదు. పెట్టె లేదు. తాయెత్తూ లేదు.

మట్టిచేతులతో అలాగే కూలబడ్డాడు. మునిరత్నమ్మ మాత్రం బావి కాడికి పరుగు తీసింది, చేద వేసి నీళ్లు తోడుకోవడానికి.

ఇంతలో జేబులో ఫోను మోగింది.

"సార్, మురుగేష్‌ని. మీరు రెండుదపాలు కాల్ చేసినారంట, సిగ్నల్ లేదప్పా. మద్రాసు దారిలో వాలాజా దగ్గర టీ తాగతా ఉండా. పసిబిడ్డ మాదిరి భద్రంగా ఉండాది పెట్టె, మీరేం భయపడొద్దు. పన్నెండుకే వస్తి, మీరు లేకపోతిరి. మీ అత్తమ్మే మెట్లు దిగొచ్చి చేతికిచ్చింది."

యోగానంద తల తిప్పి చూశాడు. బావి దగ్గర నెత్తిన నీళ్లు గుమ్మరించుకుంటున్న చప్పుడు.

"ఒకే ఒక డౌటు సార్. పెట్టెతో ఉండే ఫారంలో శాంపిల్ ఒకటే అని ఉండాది. అత్తమ్మేమో ఎండి తాయెత్తొకటి ఇచ్చి, 'చిన్నోడి బొడ్డులో మందుంటే పెద్దదాని బొడ్డులో ఉండదా, రెండూ కలిపి నూరండి' అని నా చేత ఒట్టేయించుకునింది... రెండు అని రాసుకునేదా సార్?"